మేస్త్రీ కేక

ఫిరంగిని ముట్టుకునే ముందు రౌహుట్ దాని చుట్టూ మూడుసార్లు తిరిగాడు. లైప్‌జిగ్‌లో పద్దెనిమిదేళ్లు పియానోలు మోసిన మనిషి. ఏ ఇంట్లో ఏ పియానో ఎత్తాలన్నా ముందు ఇలాగే తిరిగేవాడు. బరువు ఎక్కడుందో, ఎక్కడ ఉన్నట్టు నటిస్తోందో చూసుకునేవాడు. ఫిరంగి వెనక నేలకి ఆనే తోక కింద వేళ్లు దూర్చి అంగుళం ఎత్తు లేపి, చప్పుడు కాకుండా దించాడు. ఎడమ చక్రం ఆకుకర్ర పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపాడు.

రష్యా వాళ్ల దగ్గర పట్టుకున్న ఫిరంగి అది. గుండు పెట్టే వెనక తలుపు మీద వాళ్ల అక్షరాలు అలాగే ఉన్నాయి, ఇక్కడ ఎవరికీ చదవడం రాదు. కార్ఖానా వాళ్లు గొట్టాన్ని దాదాపు సగానికి కోసేశారు. చక్రాలు చిన్నవి వేశారు. గుర్రాలు లేకుండా ఆరుగురు మనుషులే దీన్ని లాక్కుంటూ కాల్బలం వెంట శత్రువు కందకం దాకా పోవాలి. మూడొందల మీటర్ల దూరంలో మిషన్‌గన్ గూడు కనిపిస్తే ఆగిన చోటు నుంచే దాని కంట్లో కొట్టాలి. అదీ ఆలోచన. ఆలోచనకేం, దానికి బరువుండదు.

"ఏంటి మేస్త్రీ, పెళ్లిచూపులా?" అన్నాడు క్నోబ్లోఖ్. బెర్లిన్‌లో పాలబండి తోలినవాడు, నోరు ఊరుకోదు. "మూడు చుట్లయింది. ఇంక ఉంగరం తొడిగెయ్యి."

"ఆరొందల కిలోల పెళ్లాం నాకెందుకురా. ఉన్నావిడ చాలు."

జర్మన్ సైన్యంలో రౌహుట్ సార్జెంటు. కానీ ఆ జట్టులో ఎవరూ అతన్ని సార్జెంటు అనరు, మేస్త్రీ అంటారు. జట్టంటే అతనితో కలిపి ఆరుగురు. క్నోబ్లోఖ్, మేజోళ్ల మగ్గం మీద పనిచేసిన థీమ్, మిగతా ముగ్గురూ బొగ్గుగని వాళ్లు. ఆ ముగ్గురికీ మాట తక్కువ, భుజం ఎక్కువ.

రౌహుట్ తన మూటలోంచి పట్టీలు తీశాడు. అరచెయ్యంత వెడల్పు జనపనార పట్టీలు. చెమటకి నల్లబడి తోలులాగా అయ్యాయి. యుద్ధానికి వస్తూ ఇంటి నుంచి తెచ్చుకున్నవి. ఎందుకు తెచ్చుకున్నాడో అప్పుడు అతనికే తెలీదు.

"వినండి. గొట్టం ముందుకి, తోక వెనక్కి. నలుగురు చక్రాలకి అటూ ఇటూ తాళ్ల దగ్గర, నేనూ థీమూ తోక దగ్గర. చేతుల్తో లాగేవాడు గంటలో చస్తాడు. నేను 'హో' అన్నప్పుడు ఊపిరి పీల్చి పట్టీ బిగించండి, అంతే. కదలొద్దు. 'రుక్' అన్నప్పుడు మడమ నేలకి తన్నండి. గుంత వస్తే రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కించే తెలివితక్కువ పని చెయ్యకండి. ముందు కుడిది, తర్వాత ఎడమది. మెట్ల మలుపులో పియానోని తిప్పినట్టు."

"నేను మెట్ల మీద పాలసీసాలే మోశాను మేస్త్రీ."

"ఎన్ని పగలగొట్టావు?"

"లెక్కపెట్టే ఓపిక మా యజమానికే లేకపోయింది."

1917 ఫిబ్రవరి ఆఖరు. ఫ్రాన్స్ సరిహద్దున, లొరేన్‌లో వాళ్లు దిగిన పల్లె వెనక పొలమంతా మంచు కరిగి బంక అయింది. అందులో సాధన కోసం నాలుగొందల మీటర్లు కొలిచి, రెండు కందకాలు తవ్వి, నిజమైన గుండ్లు పేల్చి గుంతలు చేశారు. రౌహుట్ గొంతు పెద్దదేమీ కాదు. అయినా అతను "హో..." అని సాగదీస్తే ఆరు వీపులు ఒకేసారి బిగిసేవి. "రుక్!" అంటే ఫిరంగి ఒక మూర ముందుకి వచ్చేది. మధ్యలో అతనికో చిన్న దగ్గు అలవాటు. ఆ దగ్గు కూడా కేకలో భాగమైపోయింది.

మంగళవారం ఇంజనీరు వీడెకిండ్ స్టాప్ వాచ్ పట్టుకుని వచ్చాడు. కార్ఖానా తరఫు మనిషి. కళ్లజోడు తుడుచుకుంటూ మర్యాదగా మాట్లాడతాడు, ఎవరికీ చెడు తలపెట్టే రకం కాదు. జట్టు నాలుగొందల మీటర్లూ పదకొండు నిమిషాల్లో దాటేసింది. ఆఖరి గుంతలోంచి ఫిరంగి పైకి వచ్చినప్పుడు బొగ్గుగని వాళ్లలో ఒకడు నవ్వాడు కూడా. రౌహుట్‌కి లోపల గర్వంగానే ఉంది, అబద్ధం ఎందుకు.

"పదకొండా!" వీడెకిండ్ మొహం విప్పారింది. "మేం పద్దెనిమిది అనుకున్నాం సార్జెంట్. అంటే బోలెడు వెసులుబాటు ఉందన్నమాట!" అని అక్కడికక్కడే మోకాలి మీద పుస్తకం పెట్టుకుని రాసుకున్నాడు. "ముందు అడ్డంగా ఉన్న ఇనప డాలు పలచగా ఉందని పైవాళ్ల ఫిర్యాదు. ఇప్పుడు మందపాటిది వెయ్యొచ్చు. ఇరుసు మీద గుండ్ల పెట్టె కూడా. మొత్తం నలభై అయిదు కిలోలే."

రౌహుట్‌కి ఆ మాట వెంటనే ఎక్కలేదు. ఎక్కాక ఫిరంగికేసి తిరిగి చూశాడు.

"ఇంజనీరుగారూ, నలభై అయిదా?"

"మీ జట్టుకి అదొక లెక్కా!" అని వీడెకిండ్ నిజంగానే మెచ్చుకోలుగా అతని భుజం తట్టి వెళ్లిపోయాడు.

"బాగా లాగినందుకు బహుమతి మేస్త్రీ," అన్నాడు క్నోబ్లోఖ్ బురద ఉమ్ముతూ. "ఇంకా బాగా లాగితే పైన బ్యాండుమేళాన్ని కూడా కూర్చోబెడతారు."

అందరూ నవ్వారు. రౌహుట్ నవ్వలేకపోయాడు. తాను ఎంత నేర్పుగా లాగితే ఇది అంత బరువెక్కుతుంది. ఇన్నేళ్లలో అతని పనితనం ఇలాంటి పాడుపని ఎప్పుడూ చెయ్యలేదు.

బుధవారం మధ్యాహ్నానికే డాలూ గుండ్ల పెట్టే వచ్చాయి. రెండు గంటల్లో డాలుని ఎనిమిది మరలతో బిగించారు, పెట్టెని ఇరుసు మీదికి ఎక్కించారు. రౌహుట్ మళ్లీ చుట్టూ తిరిగాడు. తోక ఇప్పుడు సులువుగా లేచింది, అదే అతన్ని భయపెట్టింది. బరువంతా ముక్కు మీదికి పోయింది. చదును మీద ఏమీ తెలీదు. గుంతలోకి దిగితే మాత్రం ముక్కు ముందు పోయి అవతలి గట్టులో దిగబడుతుంది. అప్పుడు చక్రాన్ని పైకి లేపాలంటే ఆకుల్ని భుజాలతో తొయ్యాలి. అంటే డాలు వెనక దాక్కోవలసిన మనుషులు డాలు ముందుకి రావాలి.

జట్టు అయినా లాగింది. బాగా తినిపెట్టిన జట్టు కదా. పైవాళ్ల ముందు పరీక్ష శుక్రవారమని పది రోజుల నుంచి వాళ్లకి బఠాణీల గంజిలో పంది మాంసం పడుతోంది, రొట్టె మీదికి కొవ్వు. దేశమంతా పశువులకి వేసే దుంపలు తినే చలికాలమది. రౌహుట్ భార్య మిన్నా రాసిన ఉత్తరం కోటు లోపలి జేబులో ఉంది. బొగ్గు దొరకడం లేదని, వంటింట్లో ఉన్న పాత పియానో మూత పొయ్యిలో పెట్టిందని. మెట్ల మీంచి పడి పగుళ్లిస్తే యజమాని అతనికి ఊరికే ఇచ్చేసిన పియానో అది. ఆ ఇంట్లో ఎవరికీ వాయించడం రాదు. అయినా ఆదివారాలు మిన్నా దాన్ని తుడిచేది. "మూత బాగా మండింది," అని రాసింది. "కాళ్లు నువ్వొచ్చాక నరుకుదామని ఉంచాను. తొందరగా రా."

పరీక్ష నెగ్గితే ఆరుగురికీ పద్నాలుగు రోజుల సెలవు అని కెప్టెన్ మాటిచ్చాడు. థీమ్ అయితే మూట కూడా కట్టుకున్నాడు. అతని భార్యకి నెలలు నిండాయి.

గురువారం ఒక కాల్బలం కంపెనీ ముందు వరస నుంచి విశ్రాంతికి ఆ పల్లె మీదుగా వచ్చింది. గంజి వాసనకి నలుగురు కంచె దగ్గర ఆగిపోయారు. వాళ్లలో హెర్క్‌లోట్జ్ అనేవాడు పొడుగాటి మనిషి, యుద్ధానికి ముందు కొండ ఊళ్లలో ఉత్తరాలు పంచేవాడట. కోటు అతని మీద వేలాడుతోంది.

"ఇదేనా మాకిచ్చే రష్యన్ పాప?" అని అడిగాడు.

"మీకా?" అన్నాడు రౌహుట్.

"ఆ. శనివారం అప్పగింత. మా కంపెనీ వాళ్లమే లాగాలట. మీరు చూపించి పోతారుగా."

రౌహుట్ పట్టీ విప్పి అతనికి అందించాడు. ఎందుకు ఇచ్చాడో చెప్పలేదు. నలుగురూ సరదాగానే వచ్చారు. ఫిరంగి గుంత అంచున ఉంది. రౌహుట్ "హో..." అన్నాడు, వాళ్లు బిగించారు. "రుక్!" అన్నాడు. చక్రం అర చుట్టు తిరిగి, మళ్లీ వెనక్కి వచ్చి కూర్చుంది. రెండోసారి అదీ లేదు. మూడోసారికి హెర్క్‌లోట్జ్ మోకాళ్ల మీద కూలబడి, తన చేతులకేసి చూసుకుని నవ్వాడు. ఆ చేతులు ఆగకుండా వణుకుతున్నాయి.

"దుంపల మహిమ," అన్నాడు. "పొట్ట నిండుతుంది, ఒంట్లోకి రాదు. మీరేం తింటారు సార్జెంట్‌గారూ?"

క్నోబ్లోఖ్ పోయి గంజి కుండ తెచ్చి వాళ్ల ముందు పెట్టాడు. వాళ్లు తిన్న తీరు చూడలేక అవతలికి తిరిగి తాళ్లు చుట్టడం మొదలుపెట్టాడు.

కెప్టెన్ డ్రెస్సెల్ బడి గదిలో ఉన్నాడు, పిల్లల బల్ల మీద మోకాళ్లు పట్టక పక్కకి తిరిగి కూర్చుని. రౌహుట్ చెప్పిందంతా విన్నాడు.

"నువ్వన్నది నిజమే," అన్నాడు చివరికి. "అయితే నన్నేం చెయ్యమంటావు?"

"డాలు తీసెయ్యమనండి సార్. పెట్టె కూడా."

"ఎవరికి చెప్పను? రేపు వచ్చే కర్నల్‌కా? నిరుడు మనకిచ్చిన చిన్న ఫిరంగి గుర్తుందా? పేలిస్తే మంట ఊరంతా కనిపించేది, గుండు మాత్రం ఇసకబస్తాని కూడా చీల్చేది కాదు. అది ఓడిపోయాక పైవాళ్లలో సగం మంది ఈ ఆలోచనే వద్దన్నారు. రేపు ఇది కూడా ఓడితే జట్టు రద్దు. కందకాల్లో మనవాళ్లు మిషన్‌గన్‌కి ఒట్టి ఛాతీలతో ఎదురెళ్లాలి. అది నీకు ఇష్టమేనా?"

"ఇది గుంతలో ఇరుక్కుంటే ఆరు ఛాతీలు దాని ముందే ఉంటాయి సార్."

"ముందు నెగ్గనీ. తయారీ మొదలయ్యాక బరువు తగ్గిద్దాం."

"తయారీ మొదలయ్యాక ఎవరైనా తగ్గించారా సార్ ఎప్పుడైనా?"

డ్రెస్సెల్ కళ్లు నులుముకున్నాడు. ఆయనా పక్షం రోజులుగా సరిగ్గా నిద్రపోని మనిషే, కళ్ల కింద నల్లగా ఉంది. "నువ్వొక కాగితం రాసిస్తే ఎవరూ చదవరు రౌహుట్. వాళ్లు చదివేది గడియారం ఒక్కటే. రేపు బాగా లాగండి. వెళ్లు."

వాళ్లు చదివేది గడియారం ఒక్కటే. బయటికి వచ్చాక ఆ మాట అతన్ని వదల్లేదు. సాయంత్రం ఇరుసుకి కొవ్వు రాస్తూ ఆలోచించాడు. గుప్పెడు ఇసక వేస్తే చాలు, చక్రం పట్టేస్తుంది. కానీ పనిముట్టుని పాడుచెయ్యడం అతని చేతుల వల్ల కాదు. అలాంటి పనికి గోడ ముందు నిలబెట్టి కాల్చేస్తారన్న సంగతి సరేసరి. ఏదీ పాడుచెయ్యను, ఊరికే కేక వెయ్యకుండా ఉంటాను అనుకున్నాడు. రెండో గుంతలో. గొంతు పట్టేసిందంటాను. కేక లేకపోతే ఇది కదలదు. దాని నిజమైన బరువెంతో గడియారమే చెబుతుంది.

పక్కన థీమ్ కొవ్వు డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు. "మేస్త్రీ, ఆదివారం పొద్దున్నకల్లా ఇంట్లో ఉంటాను కదా?" అన్నాడు. "మంత్రసాని ఈ వారమే అందట."

"ఉంటావులే," అన్నాడు రౌహుట్. తల ఎత్తకుండా ఇరుసుకి ఇంకొంచెం కొవ్వు పట్టించాడు.

శుక్రవారం చినుకులు. కర్నల్, ఆయన వెంట ముగ్గురు ఆఫీసర్లు గట్టు మీద గొడుగుల్లేకుండా నిలబడ్డారు. వీడెకిండ్ వాచ్ నొక్కాడు. మొదటి కందకం పలకల మీదుగా దాటారు. మొదటి గుంత దాటారు, ముక్కు దిగబడబోతే రౌహుట్ తోక మీద ఒళ్లంతా వేసి వాలి ఆపాడు. "హో... రుక్! హో... రుక్!" అయిదు నిమిషాలు. రెండో గుంత వచ్చింది. చక్రాలు దిగాయి, నీళ్లు ఇరుసుకి తగిలాయి, ముక్కు ఎదుటి గట్టులో దిగింది.

రౌహుట్ నోరు మూసుకున్నాడు.

నాలుగు వీపులు ఊపిరి కోసం ఎదురుచూస్తున్నాయి. చినుకుల చప్పుడు తప్ప ఏమీ లేదు. చక్రాలు మెల్లగా దిగిపోతున్నాయి. పక్కన తోక పట్టుకున్న థీమ్ తల తిప్పి చూశాడు. ఆ మొహంలో కోపం లేదు, అనుమానమూ లేదు, ఒట్టి కంగారు. మేస్త్రీకి ఏదో అయిందని. రౌహుట్ అతని కళ్లలోకి చూడలేక తన బూట్లకేసి చూశాడు. గట్టు మీద ఎవరో ఏదో అన్నారు. అయ్యో దేవుడా, తొందరగా ఓడిపోనీ అనుకున్నాడు.

"హో..."

క్నోబ్లోఖ్ గొంతు. అచ్చు అతని కేకే. అదే సాగదీత, మధ్యలో ఆ చిన్న దగ్గుతో సహా.

"...రుక్!"

కుడి చక్రం లేచింది. "హో... రుక్!" ఎడమది. థీమ్ ఒక్కడే ఇద్దరి బలంతో తోక మీద వాలాడు. బొగ్గుగని వాళ్లలో ఇద్దరు తాళ్లు వదిలి డాలు ముందుకి వెళ్లి ఆకుల్ని భుజాలతో తోశారు. ఫిరంగి నీళ్లు కార్చుకుంటూ గట్టెక్కింది. రౌహుట్ చేతులు వాటంతటవే తోక పట్టుకుని వెంట నడిచాయి.

పదమూడున్నర నిమిషాలు.

కర్నల్ దిగి వచ్చి చెయ్యి కలిపాడు. "మధ్యలో గొంతు పోయిందా సార్జెంట్? పరవాలేదు. దానివల్లే నాకు అసలు సంగతి తెలిసింది. నువ్వు లేకపోయినా జట్టు లాగగలదు. అంటే ఏ జట్టయినా లాగగలదు!" వీడెకిండ్ అది రాసుకున్నాడు.

తాళ్లు కడుగుతున్నప్పుడు క్నోబ్లోఖ్ పక్కకి వచ్చాడు. ఈసారి మొహంలో నవ్వు లేదు.

"గొంతు పోలేదు కదా మేస్త్రీ?"

"లేదు."

"మాకో మాట చెప్పొచ్చుగా."

"చెబితే మీరూ నాతో పాటు నేరస్తులయ్యేవాళ్లు."

క్నోబ్లోఖ్ తాడు పిండాడు. "చెప్పినా లాగేవాళ్లమేలే. థీమ్ మొహం చూసి ఎవడు ఆగుతాడు?" కొంచెం ఆగి అన్నాడు, "నిన్న ఆ పోస్టువాడు మోకాళ్ల మీద పడ్డప్పుడు నేనూ చూడలేకపోయాను. కానీ నాకు సెలవు కావాలి మేస్త్రీ. నేను మంచివాణ్ణని ఎవరు చెప్పారు నీకు?"

రౌహుట్‌కి అతని మీద కోపం రాలేదు. ఆ సెలవు కాగితం తనకీ కావాలి.

శనివారం పొద్దున రైలుబండికి అయిదుగురూ వెళ్లిపోయారు. థీమ్ రౌహుట్‌ని కావలించుకుని, మగపిల్లాడు పుడితే నీ పేరే పెడతానన్నాడు. "వద్దురా, నీ కొడుకు ఏం పాపం చేశాడు," అన్నాడు క్నోబ్లోఖ్. వాళ్ల బండి పొగ కనుమరుగయ్యేదాకా రౌహుట్ నిలబడి చూశాడు. అతని బండి మధ్యాహ్నం రెండింటికి. ఈలోపు కాల్బలం వాళ్లకి ఫిరంగి అప్పగించాలి. సెలవు కాగితం కోటు జేబులో మిన్నా ఉత్తరం పక్కనే ఉంది.

హెర్క్‌లోట్జ్, ఇంకో అయిదుగురు పొలంలో నిలబడి ఉన్నారు. కెప్టెన్ డ్రెస్సెల్ వచ్చాడు. వీడెకిండ్ కూడా వచ్చాడు, అప్పగింత సమయం కూడా నమోదు చెయ్యాలట, ఊరికే లాంఛనం.

రౌహుట్ వాళ్లకి పట్టీలు కట్టాడు. ఒక్కొక్కడి భుజం ఎముక మీద కాకుండా పక్కకి జరిపి ముడి వేశాడు. ఎముక తప్ప వేరే చోటు వెతకడం కష్టంగానే ఉంది. ఊపిరి సంగతి చెప్పాడు, మడమ సంగతి చెప్పాడు, ఒక చక్రం తర్వాత ఇంకో చక్రం అని చెప్పాడు. వాళ్లు శ్రద్ధగా విన్నారు. ఆకలిగా ఉన్నవాళ్లు అంత శ్రద్ధగా ఎలా వింటారో!

"హో... రుక్!"

కదిలింది. చదును మీద వంద మీటర్లు కదిలింది. ఇద్దరికి నోటి వెంట ఆవిర్లు, ఒకడికి ముక్కు వెంట రక్తం. వీడెకిండ్ వాచ్‌కేసి చూసి తల ఊపాడు, మరీ చెడ్డగా ఏం లేదన్నట్టు. మొదటి గుంత వచ్చింది. చక్రాలు దిగాయి. ముక్కు గట్టులో దిగబడింది.

"హో... రుక్!" అన్నాడు రౌహుట్. కుడి చక్రం రెండు వేళ్ల ఎత్తు లేచి పడింది. హెర్క్‌లోట్జ్ జారి బురదలో బోర్లా పడి లేచాడు. అయినా తాడు పట్టుకుని మేస్త్రీకేసి చూశాడు, చెప్పు అన్నట్టు. మిగతా వాళ్లూ చూశారు. వాళ్లలో ఇంకో నాలుగైదు కేకలకి సరిపడా ప్రాణం ఉందని రౌహుట్‌కి తెలుసు. సరిగ్గా వేస్తే దీన్ని బయటికి తెస్తారు. తెచ్చాక ఇక్కడే కూలిపోతారు. పుస్తకంలో మాత్రం తెచ్చినట్టే ఉంటుంది.

"ఊ, కేక వెయ్యండి సార్జెంట్," అన్నాడు వీడెకిండ్. "ఇంకొంచెమే."

రౌహుట్ తోక నేల మీద దించాడు. తన పట్టీ తల మీంచి తీశాడు.

"కూర్చోండి," అన్నాడు ఆరుగురితో.

వాళ్లు ఎక్కడివాళ్లక్కడ బురదలోనే కూర్చుండిపోయారు.

"ఏమిటిది?" అన్నాడు డ్రెస్సెల్.

"బరువుగా ఉంది సార్."

"నిన్న పదమూడున్నర నిమిషాల్లో..." అని వీడెకిండ్ మొదలుపెట్టాడు.

"నిన్న లాగింది పది రోజులు పంది మాంసం తిన్నవాళ్లు ఇంజనీరుగారూ. వాళ్లకి నేర్పింది నేను. మీ ఫిరంగి తేలిగ్గా ఉండి కాదు, మాకు పని తెలిసి కదిలింది. ఇది బరువుగా ఉంది."

"రౌహుట్, కేక వెయ్యి," అన్నాడు డ్రెస్సెల్ గొంతు తగ్గించి. "ఇది ఆజ్ఞ."

"వేస్తే వీళ్లు కదిలిస్తారు సార్. కదిలిస్తే ఈయన రాసుకుంటారు. రాసుకుంటే అక్కడ ఇంకో పెట్టె తగిలిస్తారు. నేను వెయ్యను."

ఆజ్ఞ కాదన్నాడు, అదీ ఆరుగురి ఎదుట. రెండింటి బండి, వంటిల్లు, మిన్నా, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. డ్రెస్సెల్ మొహం పాలిపోయింది. వీడెకిండ్ చేతిలో వాచ్ టిక్కుటిక్కుమంటూనే ఉంది.

"ఇంజనీరుగారూ," అన్నాడు రౌహుట్, "ఒక్కసారి దిగండి. ఈ ఆకు పట్టుకోండి."

వీడెకిండ్ కెప్టెన్‌కేసి చూశాడు, తన బూట్లకేసి చూసుకున్నాడు. తర్వాత, ఏమనుకున్నాడో, వాచ్‌ని పుస్తకం మీద పెట్టి, పుస్తకాన్ని గట్టు మీద పెట్టి గుంతలోకి దిగాడు. మోకాలి దాకా నీళ్లు. రౌహుట్ అతన్ని డాలు ముందుకి తీసుకెళ్లి భుజాన్ని చక్రానికి ఆనించాడు. "ఇక్కడ నిలబడతారు వీళ్లు. మిషన్‌గన్ అదిగో, అటు నుంచి. ఇప్పుడు తొయ్యండి."

వీడెకిండ్ తోశాడు. మొహం ఎర్రబడింది, కళ్లజోడు జారి ముక్కు చివరికి వచ్చింది. చక్రం కదలలేదు. ఆపి, ఊపిరి పీల్చి, మళ్లీ తోశాడు. ఈసారి చక్రం ఏమాత్రం లేవకపోగా ఫిరంగి ముక్కు అతని వైపే ఇంకొంచెం వంగింది. అతను గబుక్కున వెనక్కి తగ్గాడు. డాలుని తడిచేత్తో తాకి చూశాడు. తన సొంత గీతల్లోంచి పుట్టిన డాలు అది.

"ముక్కు మీదికి వచ్చేసింది," అన్నాడు తనలో తను. "బరువు ముక్కు మీదికి వచ్చేసింది."

"బుధవారం నుంచీ అక్కడే ఉంది సార్."

"నాకెవరూ చెప్పలేదే."

ఆ మాటకి రౌహుట్‌కి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. వీడెకిండ్ జేబురుమాలుతో కళ్లజోడు తుడుచుకోబోయాడు, రుమాలు కూడా బురదే. గట్టెక్కి పుస్తకం తెరిచి, పదమూడున్నర ఉన్న పేజీ చాలాసేపు చూశాడు.

"ఏది ముందు తియ్యాలంటావు?" అని అడిగాడు.

"డాలు."

"తీసేస్తే లాగుతారా వీళ్లు?"

"తీసి చూద్దాం. నేనైతే ఉత్తమాట చెప్పను."

వీడెకిండ్ రెండు గీతలు గీసి ఆ పేజీ కొట్టేశాడు. "కర్నల్‌గారికి నేను రాస్తాను. పరీక్ష మళ్లీ పెట్టాలి, కొత్త తూకంతో. ఈ కంపెనీ మనుషులతోనే."

డ్రెస్సెల్ అప్పటిదాకా కదలకుండా నిలబడి ఉన్నాడు. ఆజ్ఞ కాదన్న సార్జెంటుని ఆయన ఏం చేసినా అడిగేవాడు లేడు. మెల్లగా వచ్చి రౌహుట్ ముందు చెయ్యి చాపాడు.

"కాగితం ఇటివ్వు."

రౌహుట్ కోటు లోపలికి చెయ్యి పెట్టాడు. వేళ్లకి ముందు ఉత్తరం తగిలింది. దాన్ని వదిలి సెలవు కాగితం తీసి ఇచ్చాడు. డ్రెస్సెల్ దాన్ని రెండుగా మడిచి తన జేబులో పెట్టుకున్నాడు.

"పరీక్ష మళ్లీ అయ్యేదాకా నీకు సెలవు లేదు. ఇవాళ్టి దానికి నేనేం రాయాలో ఇంకా ఆలోచించుకోలేదు," అన్నాడు. వెళ్లబోతూ వెనక్కి తిరగకుండానే, "వీళ్లకి మీ కుండలోంచే గంజి పెట్టించు. నేను చెప్పానని చెప్పు," అన్నాడు.

రౌహుట్ పనిముట్ల పెట్టెలోంచి మరలు విప్పే రెంచీ తీశాడు. ఎనిమిది మరలు. ఆరోది బిగుసుకుపోయి రానంటే హెర్క్‌లోట్జ్ వచ్చి రెంచీ చివర చెయ్యి వేశాడు. ఇద్దరూ కలిసి ఊడదీశారు. డాలుని నలుగురు పట్టుకుని, ఎవరింటి తలుపో ఊడదీసుకు పోతున్నట్టు మోసుకుపోయి గట్టు మీద పడేశారు. తర్వాత పెట్టె తీశారు. రౌహుట్ చక్రం ఆకు పట్టుకుని ఒకసారి ఊపి చూశాడు.

దూరంగా రెండు గంటల బండి కూత వేసింది. ఇంకో రెండు వారాలకి పియానో కాళ్లు కూడా మిగలవు అనుకున్నాడు. కాల్చనీ, వెచ్చగా ఉంటుంది.

పట్టీ మళ్లీ తలమీంచి వేసుకుని, తోక పట్టుకుని, చిన్నగా దగ్గాడు.

"లేవండి," అన్నాడు. "హో..."